రెండు కొసలు

తెల్లారకుండానే మొహిద్దీన్ కొట్టు దగ్గరుంటాను,
సీసాలో సిట్రేటు పోసుకుని.
"ఏటి మేస్టారూ, నెత్తురుతో పులుసెడతారా?"
రోజూ అదే మాట. రోజూ నవ్వుతాను.
మేక మెడలోంచి మొదటి ధార వదిలేసి
రెండోది పడతాను.
మొదటిదానికి కంగారెక్కువ,
సీసా మూతి దగ్గరే గడ్డకడుతుంది.

కోసిన చేలల్లోకి బాతులవాళ్ళు దిగినప్పుడు
ఒక బాతు రెక్క కింద నరం.
సంతలో కొర్రమీను తోక దగ్గర సూది.
పశువులాసుపత్రిలో గేదె మెడ.
మనిషిది కావాలంటే
నా మోచెయ్యి ఉండనే ఉంది.

అమలాపురంలో కాలవ మీదికి తెరుచుకునే మేడగది.
పాత మిషను. గాజు గొట్టానికి ఇవతల దీపం,
అవతల కన్ను.
ప్లేట్‌లెట్లు ఎవరికి వారే ఉన్నంతసేపూ
శ్రావణంలో వచ్చే ఎర్రనీరులా మసక.
ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకడితే
సందుల్లోంచి వెలుతురు దూరి
కాగితం మీద పెన్ను మెట్టెక్కుతుంది.

మూడుసార్లు కడుగుతాను వాటిని
ప్లాస్మా వాసన పోయేదాకా.
అప్పుడు ఏడీపీ చుక్క వేసి కేకేస్తాను:
గండి పడింది, రండర్రా!
వింటాయి. బిళ్ళల్లాంటివి గుండ్రమై
ముళ్ళు పొడుచుకొస్తాయి. చేతులు చాస్తాయి.
పట్టుకోడానికేం లేదు.
గీత ఇసకతిన్నెలా చదునుగా పోతుంది.

అప్పుడు ఒక్క బొట్టు ఫైబ్రినోజెన్.
వల అల్లేది తర్వాత సంగతి.
ఇంకా అల్లికలో పడకముందే, విడితాడుగా ఉండగానే
దానికో పనుంది:
ఒక కొస ఈ చేతికి, ఒక కొస ఆ చేతికి.
అంబాజీపేట పీచుతాడు కూడా అంతే కదా,
రెండు కొసలుంటేనే తాడు.

మా లంక గట్టు తెగిన రాత్రి నాకు తొమ్మిదేళ్ళు.
లాంతర్లొచ్చాయి, బస్తాలొచ్చాయి, మనుషులొచ్చారు.
తాడు పడవతోపాటే కొట్టుకుపోయింది.
గండికి అటు పదిమంది, ఇటు పదిమంది
పేర్లు పెట్టి పిలుచుకుంటూ నిలబడ్డారు.
తెల్లారేసరికి గొంతులు మిగిలాయి.

నోట్సులో ఇది రాయను.
రాసేది: మేక తాడు మేకకి, సరే.
గేదె తాడు నా ప్లేట్‌లెట్లకి, పట్టింది.
నా తాడు మేకవాటికి వేస్తే ఆ వారమంతా
కొత్తల్లుణ్ణి చూసినట్టు చూసి ఊరుకున్నాయి.
బాతు కణానికి కడుపులో గింజ ఉంటుంది,
కొర్రమీనుది నేత కండె ఆకారం.
అవి ప్లేట్‌లెట్లకి పెద్దన్నలు.
ఏడీపీ కేక బాతుకి వినబడదు.
ఏ పేరుతో పిలవాలో ఇంకా దొరకలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక సువార్త వచ్చింది
ఏడేళ్ళ దీవెనని చంకనేసుకుని.
పాలపన్ను ఊడి రెండ్రోజులు.
తువ్వాలు పిండితే ఇంకా ఎరుపు.
"కౌంటు రెండు లక్షల డెబ్భైవేలండి, బానే ఉందన్నారు.
మరెందుకాగదండి?"

పిల్ల నెత్తురు గొట్టంలో పోసి కేకేశాను.
పెన్ను కాస్త లేచి, పడుకుంది.
ఫ్రిజ్‌లో ఉన్నది
పొద్దున్నే చలవలో పేరబెట్టిన గేదె తాడు ఒక్కటే.
వేశాను.

పెన్ను మెట్టెక్కింది.
ఆగకుండా ఎక్కింది.

గొట్టంలో మాత్రమే, ఒంట్లోకి పనికిరాదు,
ఒళ్ళు ఊరుకోదు, అని చెప్పాను.
మనుషులది కావాలి.
కాకినాడకి ఫోన్ చేశాను, సంచి బయల్దేరింది,
యానాం వంతెన దాటాలి.
"ఎవరిదండి ఇప్పుడు కలిసింది?"
"గేదెది."
సువార్త కాసేపు కాలవ వైపు చూసింది.
"మాదీ ఉండేదండి ఒకటి. పోయినేడు అమ్మేశాం,
దీన్ని చూపించడానికే."

మధ్యాన్నానికి గోరువెచ్చని నీళ్ళలో సంచి కరుగుతోంది,
ఎవరో పేరు తెలీని మనిషి తాడు.
చార్టు కాగితంలో మెట్టున్న ముక్క అడిగింది దీవెన.
చించిచ్చాను.
అందులో పన్ను పెట్టి
పొట్లం కట్టుకుంది.